జపనీస్ సినిమా లొకేషన్లు మ్యాప్ చేయడం: షాట్‌ను బట్టి కెమెరా చోటు పట్టుకునే పద్ధతి

మీరు అడిగింది ఇదీ: జపాన్ దర్శకులు ఓజు, కురొసావాల సినిమాలు, 1980లలో ఒనొమిచి అనే రేవు ఊళ్లో తీసిన సినిమాలు, వీటి చిత్రీకరణ చోట్లను గూగుల్ మై మ్యాప్స్‌లో పెడుతూ వచ్చారు. అరవై పిన్నులయ్యాక స్ట్రీట్ వ్యూ తెరిచి చూస్తే సగం చోట్ల సినిమాలో ఉన్నదేదీ అక్కడ కనిపించడం లేదు. జపనీస్ చదవడం రాదు. ఏ టూల్స్ వాడాలి, తప్పు ఎక్కడ జరిగింది?

తప్పు టూల్‌లో లేదండి, పిన్ను పెట్టిన తీరులో ఉంది. ఓజు ‘టోక్యో స్టోరీ’ (1953) అని రాసి ఒనొమిచి మీద ఒక పిన్ను గుచ్చితే ఊరి పేరు చెప్పినట్టే అవుతుంది. ఆ సినిమా మొదట్లో కనిపించే రాతి దీపస్తంభం ఒనొమిచి రేవు పక్కన సుమియొషి గుడి దగ్గరిది. భార్య పోయిన తెల్లవారుజామున ముసలాయన ఒంటరిగా నిలబడేది జోదొజి ఆలయ ప్రాంగణంలో. పెద్దకొడుకు క్లినిక్ ఉన్న పేట టోక్యో తూర్పు అంచున, హొరికిరి స్టేషన్ దగ్గర. దంపతులిద్దరూ సముద్రపు గోడ మీద కూర్చునేది అతామిలో. ఇళ్ల లోపలి దృశ్యాలు ఓఫునాలోని షోచికు స్టూడియోలో తీశారు, ఆ స్టూడియో 2000లో మూతపడింది. ఇన్నిటికీ కలిపి ఒక్క పిన్ను ఎలా సరిపోతుంది?

కాబట్టి మీ పట్టికలో ఒక వరుస అంటే ఒక షాట్ అనుకోండి. ప్రతి వరుసలో కెమెరా నిలబడిన చోటు, అది చూసిన దిక్కు (ఉత్తరం నుంచి సవ్యదిశలో డిగ్రీల్లో) ఉండాలి. వాటి పక్కన ఇంకొన్ని గడులు: సినిమా పేరు, ఏ డిస్క్, టైమ్‌కోడ్, కథలో ఆ చోటు ఏది, నిజంగా తీసింది ఎక్కడ, జపనీస్ లిపిలో చోటు పేరు, ఆధారం ఏమిటి, ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చు, ఇప్పుడక్కడ ఏముంది. జపనీస్ లిపి గడిని తప్పకుండా పెట్టండి. తెలుగులోనో ఇంగ్లిష్ అక్షరాల్లోనో రాసుకున్న పేరుతో తర్వాత ఏ ఆర్కైవ్‌లోనూ వెతకలేరు. ఖచ్చితత్వానికి మూడు మెట్లు చాలు. ‘అ’ అంటే కెమెరా చోటు 10 మీటర్లలోపు తేలింది. ‘ఆ’ అంటే వీధి తెలిసింది, 100 మీటర్ల దాకా తేడా ఉండొచ్చు. ‘ఇ’ అంటే ఊరు మాత్రమే తెలుసు. మీ అరవైలో చాలావరకు ‘ఇ’ అయి ఉంటాయి. అందులో నష్టమేమీ లేదు, అలా రాసి ఉంటే చాలు.

కథలోని చోటు, తీసిన చోటు రెండు వేర్వేరు గడులు ఎందుకంటే, జపాన్ సినిమాల్లో ఈ రెండూ తరచూ విడిపోతాయి. ఇవాయ్ షుంజి ‘లవ్ లెటర్’ (1995) కథ ఒతారు, కోబె నగరాల మధ్య నడుస్తుంది, కానీ కోబె దృశ్యాల్లో కూడా చాలావరకు ఒతారులోనే తీశారు. ఒబయాషి నొబుహికొ 1983లో తీసిన ‘కాలంలోకి దూకే అమ్మాయి’లో ఒకే ఊరిగా కనిపించేది నిజానికి ఒనొమిచి, తకెహర అనే రెండు ఊళ్లు. కురొసావా ‘రషొమొన్’ (1950) అడవి నారాలోనిదీ, క్యోటో దగ్గర నాగఒకక్యోలోని కోమ్యోజి ఆలయం వెనకదీ. ఆ పెద్ద ద్వారం మాత్రం దైయెయి క్యోటో స్టూడియోలో కట్టిన సెట్టు. ‘డ్రైవ్ మై కార్’ (2021)ను దక్షిణ కొరియాలోని బుసాన్‌లో తీయాలనుకున్నారు, కోవిడ్ వల్ల హిరోషిమాకు మారింది. అందుకే షూటింగ్‌కు ముందు వచ్చిన వార్తలను ఆధారంగా తీసుకోకూడదు. వికీపీడియా వాళ్ల డేటా నిధి వికీడేటాలో ఈ రెండింటికీ వేరువేరు లక్షణాలున్నాయి: కథాస్థలానికి పి840, చిత్రీకరణ స్థలానికి పి915. ఎవరో ఒకదాని విలువ ఇంకోదాంట్లో రాసేసిన సందర్భాలు బోలెడు. అక్కడి నుంచి డేటా దించుకుంటే దాన్ని మొదటి అంచనాగానే వాడండి.

ఇంకో ఉచ్చు రీమేకులు. ‘ఇరవై నాలుగు కళ్లు’ (1954) షోదొషిమ దీవిలో తీశారు. 1987లో అదే కథను మళ్లీ తీసినప్పుడు వేసిన సెట్టును ఇప్పటికీ మూవీ విలేజ్‌గా నడుపుతున్నారు. పర్యాటకుల ఫొటోలన్నీ అక్కడివే కాబట్టి 1954 సినిమాకు కూడా అక్కడే పిన్ను పెట్టేస్తుంటారు. 1954 నాటికి ఆ సెట్టే లేదు.

షాట్లు విడగొట్టడానికి పైసీన్‌డిటెక్ట్ అనే ఉచిత ప్రోగ్రాం వాడండి. నలుపు తెలుపు సినిమాలకు ఒక ముఖ్యమైన మార్పు అవసరం. దాని ‘డిటెక్ట్-కంటెంట్’ పద్ధతి రంగు, గాఢత, వెలుగు మూడింటి మార్పును సగటు తీస్తుంది. నలుపు తెలుపులో మొదటి రెండూ సున్నా, కాబట్టి స్కోరు మూడో వంతుకు పడిపోతుంది. మామూలు హద్దు 27 అలాగే ఉంచితే సగం కట్లు (షాట్ మారే చోట్లు) దొరకవు. వెలుగు మాత్రమే లెక్కించే ఎంపిక పెట్టండి, లేదా హద్దును 10కి అటూ ఇటూ తగ్గించండి. 1950ల నాటి ఓజు సినిమాల్లో దాదాపు అన్నీ నేరు కట్లే కాబట్టి ఫలితం శుభ్రంగా వస్తుంది. కురొసావా వాడే వైప్‌లు మాత్రం నెమ్మదిగా తెరను తుడుచుకుంటూ పోతాయి, ప్రోగ్రాం వాటిని పట్టుకోదు, చేత్తో గుర్తించుకోవాల్సిందే. తర్వాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో టూల్‌తో ప్రతి బయటి షాట్ మధ్య నుంచి ఒక ఫ్రేము తీయండి. కెమెరా పక్కకు తిరిగే షాట్ అయితే పది ఫ్రేములు తీసి, ఫొటోలు అతికించే ప్రోగ్రాం హుగిన్‌లో అతికించండి, ఒక్కసారిగా చూపు వెడల్పు రెండు మూడింతలవుతుంది. కెమెరా ట్రాలీ మీద కదిలిన షాట్‌కు ఇది పనికిరాదు. దగ్గరి వస్తువులు, దూరపు వస్తువులు వేర్వేరు వేగాలతో కదులుతాయి కాబట్టి అతుకు కుదరదు.

టైమ్‌కోడ్ పక్కన డిస్క్ పేరు రాయమన్నది ఇందుకే: యూరప్‌లోని పాల్ (అక్కడి టీవీ పద్ధతి) డీవీడీలు సెకనుకు 24 బదులు 25 ఫ్రేములు నడుపుతాయి. 136 నిమిషాల సినిమా 130 నిమిషాల చిల్లరకు కుదించుకుపోతుంది. సినిమా చివరికి వచ్చేసరికి మీ టైమ్‌కోడ్‌కూ ఇంకొకరి టైమ్‌కోడ్‌కూ ఐదు నిమిషాలకు పైగా తేడా పడుతుంది.

ఇక ఫ్రేము చదవడం. ముందుగా ఫ్రేము తిరగబడలేదని నిర్ధారించుకోండి. పాత ప్రింట్లలో, ప్రచార ఫొటోల్లో కుడిఎడమలు మారిపోవడం అరుదేమీ కాదు. కిమోనో కట్టు చూడండి: బతికున్నవాళ్లకు ఎడమవైపు అంచు పైకి వస్తుంది, కుడి అంచు పైకి రావడం శవానికి కట్టే పద్ధతి. వాహనాలు ఎడమవైపు నడుస్తున్నాయా అన్నది రెండో పరీక్ష. బోర్డు మీది అక్షరాల వరుసను మాత్రం నమ్మకండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అడ్డంగా రాసిన బోర్డులు కుడి నుంచి ఎడమకు సాగేవి, అవి చాలాకాలం అలాగే వేలాడాయి. అక్షరం ఆకారం తిరగబడిందా అన్నదే చూడాలి. గూగుల్ లెన్స్ అలాంటి బోర్డులను వెనక నుంచి చదివి అర్థంలేని మాట ఇస్తుంది. అప్పుడు అక్షరాలను ఒక్కొక్కటిగా కత్తిరించి ఇవ్వండి.

భాష రాకపోయినా పనికొచ్చే గుర్తులు చాలా ఉన్నాయి. టోక్యో ట్రాముల ముందు పెద్ద అంకె ఉంటుంది, అది రూటు నంబరు. ఒకప్పుడు 41 రూట్లు ఉండేవి, 1972 నాటికి అరకవ లైను తప్ప అన్నీ పోయాయి. రూటు నంబరు దొరికితే వెతకాల్సిన వీధులు ఒక్కసారిగా తగ్గిపోతాయి. రైల్వే ప్లాట్‌ఫారం బోర్డు మీద ఆ స్టేషన్‌తో పాటు ముందు, వెనక స్టేషన్ల పేర్లుంటాయి. మధ్య పేరు మసకగా ఉన్నా పక్క రెండిటితో తేల్చవచ్చు. దుకాణాల బోర్డుల మీది ఫోన్ నంబర్లు కాలం కూడా చెబుతాయి: టోక్యో 03 నంబర్లకు 1991 జనవరి 1న ముందు ఒక 3 చేరింది. కరెంటు స్తంభం మీది చిరునామా పలకలు దొరికితే పండగే. కాకపోతే 1962 నాటి చిరునామాల చట్టంతో చాలా పేటల పేర్లు మారిపోయాయి. 1950ల సినిమాలోని పేట పేరును ఇవాళ్టి గూగుల్‌లో కొడితే ఏమీ రాకపోవచ్చు, లేదా అదే పేరున్న ఇంకో ఊరికి తీసుకెళ్తుంది. మీ పిన్నుల్లో కొన్ని అలా తప్పి ఉండే అవకాశం ఎక్కువ.

పాత పేరుకు పాత మ్యాపే మందు. సైతమ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ‘కొంజాకు మ్యాప్’ వెబ్‌సైటులో పాత టోపోగ్రాఫిక్ మ్యాపు, ఇవాళ్టి మ్యాపు పక్కపక్కన కదులుతాయి. దీంతో పాటు జపాన్ ప్రభుత్వ భౌగోళిక సర్వే సంస్థ కొకుదొ చిరియిన్ ఉచితంగా ఇచ్చే ఏరియల్ ఫొటోలు ఈ పనికి ప్రాణం. అమెరికా సైన్యం 1940ల చివర తీసినవి, 1960ల నాటివి, 1970ల మధ్య రంగుల్లో తీసినవి అన్నీ అక్కడున్నాయి. చిరియిన్ ఆన్‌లైన్ మ్యాపులో ఇవి అతికించిన పొరలుగా కూడా దొరుకుతాయి. ఆ పొర వెబ్ అడ్రసును (టైల్ అడ్రసు) క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల ప్రోగ్రాంలో ‘ఎక్స్‌వైజెడ్’ పొరగా చేర్చుకుంటే చాలు. అతికించిన పొర మీద ఉండేది ఏళ్ల శ్రేణి మాత్రమే, కాబట్టి ఏదైనా కట్టడం ఉందా లేదా తేల్చాలంటే విడి ఫొటో తెరిచి తీసిన తేదీ చూడండి.

విడి ఫొటోలు 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు) దిగుతాయి. 1:10,000 స్కేలు ఫొటో అయితే ఒక పిక్సెల్ నేల మీద సుమారు 0.6 మీటర్లు, 1:40,000 అయితే 2.5 మీటర్లు. మొదటి రకంలో ఇంటి కప్పు కనిపిస్తుంది, రెండో రకంలో వీధి కనిపిస్తుంది, అంతే. క్యూజీఐఎస్ జియోరెఫరెన్సర్‌లో వీటిని ఇవాళ్టి మ్యాపు మీద అతికించేటప్పుడు కంట్రోల్ పాయింట్లకు (రెండింటిలోనూ ఒకే చోటున్న గుర్తులకు) గుడి కప్పు మూలలు, రైలు పట్టాలు దాటే చోట్లు, వంతెన పునాదులు తీసుకోండి. నది ఒడ్డు, పెద్ద రోడ్డు మూలలు వద్దు, అవి యుద్ధం తర్వాత వెడల్పు మారాయి. టోక్యో తూర్పు లాంటి చదును నేలకు మొదటి డిగ్రీ పాలినామియల్ (ఫొటో మొత్తాన్ని ఒకే తీరున తిప్పి సాగదీసే పద్ధతి), ఎనిమిది పది పాయింట్లు సరిపోతాయి. ఒనొమిచిలాంటి కొండవాలు ఊరికి అది చాలదు. ఎత్తుగా ఉన్నదేదైనా ఫొటో కేంద్రం నుంచి బయటికి వాలినట్టు పడుతుంది కాబట్టి గుడి ఒకచోట, రేవు ఒకచోట సరిపోయి మధ్యలో మెట్లు తప్పుతాయి. అక్కడ థిన్ ప్లేట్ స్ప్లైన్ (ఒక్కో చోట ఒక్కోలా సాగదీసే పద్ధతి) ఎంచుకుని, ఇరవై ముప్పై పాయింట్లు కొండ పొడవునా పరిచి పెట్టండి.

కెమెరా చోటు పట్టుకోవడానికి లెన్స్ ఏమిటో తెలియాల్సిన పనిలేని పద్ధతి ఒకటుంది. అన్నిటికన్నా ముందు అదే చేయండి. ఫ్రేములో ఒకదాని వెనక ఒకటి సరిగ్గా కలిసిపోయిన రెండు వస్తువులను వెతకండి: దగ్గరి కప్పు కొసా దూరపు కొండ శిఖరం, దీపస్తంభమూ వెనక గోపురమూ. పాత ఏరియల్ ఫొటో మీద ఆ రెండింటినీ కలిపి గీత గీసి ఇవతలికి పొడిగిస్తే, కెమెరా ఆ గీత మీదే ఎక్కడో ఉంది. అలాంటి గీత ఇంకొకటి దొరికితే రెండూ ఖండించుకున్న చోటే కెమెరా. రెండు వస్తువుల మధ్య దూరం ఎక్కువగా ఉంటే గీత గట్టిగా నిలుస్తుంది. పది మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాలతో గీస్తే, మీటరు తప్పు కూడా ఆ కొసకు పోయేసరికి వీధి దాటిపోతుంది. రెండు గీతల మధ్య కోణం 30 డిగ్రీలకన్నా తక్కువైతే ‘అ’ గుర్తు ఇవ్వకండి.

ఈ పద్ధతికి సెంజు పొగగొట్టాలను మించిన పాఠం లేదు. టోక్యోలో సుమిద నది ఒడ్డున సెంజు థర్మల్ కేంద్రానికి సుమారు 84 మీటర్ల ఎత్తున నాలుగు పొగగొట్టాలుండేవి. నొక్కినట్టున్న రాంబస్ మూలల్లో కట్టారు కాబట్టి చూసే దిక్కును బట్టి నాలుగు, మూడు, రెండు, ఒకటిగా కూడా కనిపించేవి. జనం వాటిని దయ్యాల పొగగొట్టాలనేవారు. 1964లో పడగొట్టారు. దర్శకుడు గోషో హెయినొసుకె 1953 సినిమాకు పేరు కూడా వాటి మీదే వచ్చింది: ‘పొగగొట్టాలు కనిపించే చోటు’. ఆ చుట్టుపక్కల తీసిన ఏ సినిమాలోనైనా అవి ఫ్రేములో పడితే, కెమెరా ఎటునుంచి చూస్తోందో అవే చెబుతాయి.

చేయాల్సింది ఇలా. పాత ఏరియల్ ఫొటోలో నాలుగు గొట్టాల మొదళ్లు గుర్తించండి. కొసలు గుర్తించకండి, అవి వాలి ఉంటాయి. ఆ పాయింట్ల విలువలు మీటర్లలో కావాలి కాబట్టి టోక్యోకు జపాన్ సమతల నిరూపకాల 9వ మండలం, అంటే ఈపీఎస్‌జీ (నిరూపక పద్ధతులకిచ్చే సంకేతం) 6677, వాడండి. స్ప్రెడ్‌షీట్‌లో 0 నుంచి 359 దాకా ప్రతి డిగ్రీకీ ఒక వరుస వేసి, ఒక్కో గొట్టానికి ‘తూర్పు విలువ × కొసైన్ − ఉత్తర విలువ × సైన్’ లెక్క కట్టండి. ఆ దిక్కుగా చూస్తే ఆ గొట్టం ఎంత కుడికి పడుతుందో అది. నాలుగింటి మధ్య ఖాళీల నిష్పత్తి వస్తుంది. ఫ్రేములోని ఖాళీలను పిక్సెళ్లలో కొలిచి అదే నిష్పత్తి ఎక్కడ కుదురుతుందో చూడండి. నిష్పత్తే కాబట్టి లెన్స్‌తో నిమిత్తం లేదు, గొట్టాలు బాగా దూరంలో ఉంటే చాలు. రాంబస్ సౌష్ఠవం వల్ల ఒకే జవాబు రాదు, ఎదురు దిక్కు కూడా కుదురుతుంది. దగ్గరి గొట్టం కాస్త ఎత్తుగా, లావుగా కనిపిస్తుందన్నది, నది ఏ పక్కనుందన్నది చూసి తేల్చుకోవాలి.

దిక్కు తేలాక దూరం. దీనికి లెన్స్ కావాలి. ఓజు దాదాపు ఎప్పుడూ 50 ఎంఎం లెన్సే వాడేవాడు కాబట్టి ఆయన సినిమాలకు లెక్క సులువు. అకాడమీ ఫ్రేము (ఆనాటి మామూలు సినిమా ఫ్రేము) ఫిల్మ్ మీద దాదాపు 22 × 16 మిల్లీమీటర్లు. అంటే అడ్డంగా సుమారు 25 డిగ్రీలు, నిలువుగా 18 డిగ్రీల చూపు. 1080 గీతల ఫ్రేములో 84 మీటర్ల గొట్టం 150 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకోండి: ఫిల్మ్ మీద 150 ÷ 1080 × 16 = 2.22 మిల్లీమీటర్లు, దూరం 84 × 50 ÷ 2.22, సుమారు 1,890 మీటర్లు. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. గొట్టం మొదలు ఇళ్ల వెనక దాగి ఉంటే కనిపించే ఎత్తు తగ్గి, దూరం ఎక్కువగా వస్తుంది. డిస్క్ తయారీలో అంచులు కత్తిరించి ఉంటే ఫ్రేము అంతా సాగి, దూరం తక్కువగా వస్తుంది. దూరానికి ఎప్పుడూ ఐదు పది శాతం సందు వదలండి.

కురొసావాకు ఈ లెక్క చెల్లదు. ‘సెవెన్ సమురాయ్’ (1954) నుంచి ఆయన ఒకేసారి రెండు మూడు కెమెరాలు, పొడవాటి టెలిఫోటో లెన్సులు వాడాడు. టెలిఫోటో దూరాలను దగ్గరగా నొక్కేస్తుంది కాబట్టి, వెనక కొండ ఊరిని ఆనుకుని ఉన్నట్టు కనిపిస్తే మోసపోకండి. పైగా ఆ సినిమాలోని ఒక్క పల్లె కోసం స్టూడియో దగ్గర వేసిన ఆరుబయటి సెట్టు, ఇజు ద్వీపకల్పంలోని వేర్వేరు చోట్లు కలిపారు. అలాంటి సినిమాలకు లెన్స్‌ను ఫ్రేము నుంచే రాబట్టాలి. ఎఫ్‌స్పై అనే ఉచిత ప్రోగ్రాంలో ఇంటి అంచులు, పట్టాలు, కిటికీల గీతలతో రెండు అదృశ్య బిందువులు చూపిస్తే ఫోకల్ దూరం, కెమెరా వంపు చెబుతుంది. 3డీ ప్రోగ్రాం బ్లెండర్‌లోకి ఎగుమతి చేసి, జపాన్ ప్రభుత్వ ప్లాటో ప్రాజెక్టు ఇచ్చే నగరాల 3డీ నమూనాల మీద కెమెరాను నిలబెట్టి సరిచూసుకోవచ్చు. ప్లాటో ఇవాళ్టి నగరం కాబట్టి 1980ల తర్వాతి సినిమాలకే ఎక్కువ లాభం. సినిమాస్కోప్ తరహా వెడల్పు ఫ్రేమయితే ముందు 2.35:1 నిష్పత్తి సరిగ్గా ఉందో లేదో చూడండి. టీవీ కోసం పక్కలు కోసిన ప్రతి మీద ఎఫ్‌స్పై ఇచ్చే ఫలితం పనికిరాదు, ఎందుకంటే అది మామూలుగా ఫ్రేము మధ్యనే లెన్స్ మధ్యగా తీసుకుంటుంది.

కురొసావా ‘హై అండ్ లో’ (1963) మీ జాబితాలో ఉంటుందనుకుంటాను. కొండ మీది ఇంటికి ఒక్క పిన్ను పెట్టకండి: పగటి కిటికీ వెనక ఉన్నది నిజమైన యోకొహామా, రాత్రి కిటికీ వెనక ఉన్నది స్టూడియోలో కట్టిన మినియేచర్. డబ్బు సంచులు రైల్లోంచి విసిరేది ఒదవర దగ్గర సకవ నది వంతెన వద్ద. అక్కడ ఇవాళ షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) వంతెన కూడా ఉంది, అది 1964లో నడక మొదలుపెట్టిన లైను. సినిమాలోది పాత తోకాయిదో లైను వంతెన. ఉపగ్రహ చిత్రంలో రెండూ కనిపిస్తాయి కాబట్టి చూసుకుని పెట్టండి.

నీడలు ఆఖరి సాక్ష్యం. సూర్యుడి దిక్కు లెక్కించే సన్‌క్యాల్క్ వెబ్‌సైటులో చోటు, తేదీ ఇచ్చి నీడ దిక్కు సరిచూడవచ్చు. జపాన్ ప్రధాన దీవుల్లో మధ్యాహ్నపు నీడ ఏడాది పొడుగునా ఉత్తరానికే పడుతుంది. మన హైదరాబాద్‌లో మే మధ్య నుంచి జులై చివరి దాకా దక్షిణానికి పడుతుంది కదా, ఆ అలవాటుతో అంచనా వేస్తే పొరపాటు. జపాన్ గడియారం 135 డిగ్రీల రేఖాంశానిది కాబట్టి టోక్యోలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 11:41కి, ఒనొమిచిలో 12:07కి. 1948 నుంచి 1951 దాకా వేసవుల్లో అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరిపేవారు, ఆ ఏళ్ల సినిమాలో స్టేషన్ గడియారం కనిపిస్తే గంట తీసేసి లెక్కించండి.

ఇప్పుడు ఒక సాంకేతిక తప్పు గురించి. మీ పిన్నుల్లో కొన్ని సరిగ్గా నాలుగైదు వందల మీటర్లు ఆగ్నేయంగా జరిగి ఉంటే, అది చోటు తప్పు కాదు, డేటం (అక్షాంశ రేఖాంశాలను కొలిచే ఆధారం) తప్పు. జపాన్ 2002 ఏప్రిల్ దాకా టోక్యో డేటం అనే పాత కొలత వాడింది. పాత పుస్తకాలు, పాత వెబ్ పేజీల్లోని అక్షాంశ రేఖాంశాలను నేరుగా గూగుల్‌లో వేస్తే టోక్యో ప్రాంతంలో దాదాపు 450 మీటర్లు తప్పుతాయి. క్యూజీఐఎస్‌లో వాటిని ఈపీఎస్‌జీ 4301గా తెరిచి గూగుల్‌కు సరిపోయే 4326కు మార్చండి. ఇంకొకటి, జపాన్ సర్వే కాగితాల్లో ఎక్స్ అంటే ఉత్తరం, వై అంటే తూర్పు. క్యూజీఐఎస్‌లో దీనికి తిరగేసి ఉంటుంది. మీటర్ల లెక్కకు వాడే సమతల నిరూపకాల్లో ఒనొమిచికి 3వ మండలం 6671, క్యోటోకు 6వది 6674, ఒతారుకు 11వది 6679.

భాష రానివాళ్లకు రాతపూర్వక ఆధారాలు దొరకవనుకోవద్దు. రెండు మాటలు చాలు: ‘రొకెచి’ (ロケ地) అంటే చిత్రీకరణ స్థలం, ‘సత్సుఎయి క్యోర్యొకు’ (撮影協力) అంటే చిత్రీకరణకు సహకరించినవారు. 2000లో ఒసాకాలో మొదలై ఫిల్మ్ కమిషన్లు (షూటింగులకు సాయపడే స్థానిక సంస్థలు) దేశమంతా వచ్చాయి కాబట్టి ఆ తర్వాతి సినిమాల చివరి టైటిళ్లలో ఈ రెండో మాట కింద ఊరూ, బడీ, దుకాణమూ వరుసగా ఉంటాయి. ఆ టైటిళ్లు ఫ్రేము ఫ్రేముగా తీసి గూగుల్ లెన్స్‌తో చదివించండి. రోజంతా వెతికినా దొరకని చోటు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పాత సినిమాలకు జాతీయ డైట్ లైబ్రరీ డిజిటల్ సేకరణలో పూర్తి పాఠం వెతకవచ్చు. సినిమా పేరు, చోటు పేరు రెండూ జపనీస్ లిపిలో కలిపి కొట్టండి. బ్లాగుల మాటను మాత్రం ఫ్రేముతో సరిపోల్చకుండా తీసుకోకండి. ఒకరు రాసింది పదిమంది ఎత్తిరాస్తారు, పది సాక్ష్యాలున్నట్టు కనిపిస్తుంది, ఉన్నది ఒక్కటే.

ప్రచురణకు జియోజేసన్ (మ్యాపు డేటా) ఫైలు, దాన్ని వెబ్‌లో మ్యాపుగా చూపించడానికి యూమ్యాప్ లేదా లీఫ్‌లెట్ చాలు. కెమెరా చూపును త్రికోణంలా చూపించడానికి క్యూజీఐఎస్‌లో ‘వెడ్జ్ బఫర్’ ఫంక్షన్ ఉంది. దానికి కెమెరా పాయింటు, దిక్కు, 50 ఎంఎంకైతే 25 డిగ్రీల వెడల్పు, కావలసిన పొడవు ఇవ్వండి. జియోజేసన్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. జపాన్ రేఖాంశాలు 122–154, అక్షాంశాలు 20–46 మధ్యే ఉంటాయి కాబట్టి ఆ హద్దు దాటిన వరుసలను వడకట్టే చిన్న పరీక్ష పెట్టుకోండి. పట్టికను సీఎస్‌వీ ఫైలుగా దాస్తే అన్ని లిపులనూ పట్టే యూటీఎఫ్-8లోనే దాచండి. ఎక్సెల్ మామూలు సీఎస్‌వీగా దాస్తే జపనీస్, తెలుగు రెండూ ప్రశ్నార్థకాలవుతాయి, వాటిని తిరిగి తేలేరు.

ఫ్రేముల హక్కుల గురించి కూడా అడిగేవాళ్లుంటారు. జపాన్‌లో ఓజు 1953, అంతకుముందరి సినిమాల హక్కుల గడువు తీరింది. కురొసావా సినిమాలవి తీరలేదు, పాత చట్టం ప్రకారం దర్శకుడు పోయిన 38 ఏళ్ల దాకా ఉంటాయి, ఆయన 1998లో పోయారు. మన దేశంలో సినిమాకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అమెరికాలో 95 ఏళ్ల లెక్క ఉంది కాబట్టి అక్కడి సర్వర్లో పెట్టే ముందు చూసుకోండి. హక్కులున్న సినిమాకు షాట్‌కొక చిన్న ఫ్రేము, పక్కన మీ విశ్లేషణ ఉంటే అది ఉల్లేఖన. వందల ఫ్రేముల గ్యాలరీ పెడితే కాదు.

మొదటి సాధనకు ‘టోక్యో స్టోరీ’ బయటి షాట్లు తీసుకోండి. లెన్స్ తెలిసినదే, హక్కుల చిక్కు తక్కువ, ఏరియల్ ఫొటోలు దండిగా ఉన్నాయి. జోదొజితో మొదలుపెట్టండి, ఆలయ కట్టడాలు అలాగే ఉన్నాయి కాబట్టి రెండు వస్తువులను కలిపే గీతలు సులువుగా పడతాయి. అతామి చివరన చేయండి, యుద్ధం తర్వాత అక్కడ సముద్రాన్ని పూడ్చి తీరం ముందుకు జరిపారు కాబట్టి ఇవాళ్టి మ్యాపులో ఆ గోడ చోటు వెతికితే దొరకదు, పాత ఫొటో మీదే గీయాలి. ఇప్పుడు ఎవరో కాపురముంటున్న ఇల్లు లొకేషన్ అని తేలితే, అసలు అంకెలు మీ దగ్గర ఉంచుకుని, బయటికి ఇచ్చే ఫైలులో అక్షాంశ రేఖాంశాలను మూడు దశాంశాలకు కుదించండి. దాంతో చోటు వంద మీటర్ల మేర మసకబారుతుంది. ఆ వరుసకు ‘ఆ’ గుర్తు పెట్టి, ఆధారం గడిలో కారణం రాయండి.